ఆగ్నేయంలో ఇంటర్నెట్

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే హాల్లో ఫోను పక్కన, ఇంటిల్లిపాదీ చూస్తుండగా వాడుకునే వస్తువు. అందుకే కొత్త ఉద్యోగంలో చేతికి లాప్‌టాప్ రాగానే గవర్నర్‌పేట వెళ్లి వైర్‌లెస్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చాను. ఆఫీసు పని కోసమని ఇంట్లో చెప్పాను. అసలు పని మైలవరంలో ఉంది. అక్కడి అమ్మాయితో నాకు సంబంధం ఖాయమైంది, ముహూర్తాలు మాత్రం శ్రావణం దాకా లేవన్నారు. వాళ్లింట్లో ఫోను తాతగారి మంచం పక్కన, మా ఇంట్లో ఫోను నాన్న కుర్చీ పక్కన (ఇద్దరి చెవులూ బ్రహ్మాండంగా పనిచేసేవి). సాయంత్రం ఆ అమ్మాయి నెట్ సెంటర్‌కి వెళ్తుంది, నేను భవానీపురంలో మా డాబా ఎక్కి కృష్ణ గాలి పీలుస్తూ మనసు విప్పుతాను. అదీ నా పథకం.

దాన్ని పాడుచేసింది మా పెదనాన్న. ఆయన వ్యాపారం ఎరువులది, ప్రాణం మాత్రం వాస్తు మీద. పెట్టె మీద మినుకుమంటున్న పచ్చ దీపాన్ని చాలాసేపు చూసి, "ఇది వేడెక్కుద్దా?" అన్నారు. చెయ్యి పెట్టి చూసి, గోరువెచ్చగా ఉందండీ అన్నాను. ఆ మాటతో నా కొంప నేనే ముంచుకున్నాను. వేడెక్కేది ఏదైనా అగ్నేనట, అది ఆగ్నేయంలోనే ఉండాలట. మా ఇంట్లో ఆగ్నేయం అంటే వంటిల్లు. నాన్న మారుమాట్లాడకుండా ఫోను వైరు అక్కడిదాకా లాగించి, పెట్టెని పోపుల డబ్బా పక్కన ప్రతిష్ఠించారు (బొట్టు కూడా పెట్టారు).

వంటింటి గోడల నిండా అమ్మ స్టీలు సామాను. దాన్ని దాటి సిగ్నల్ హాల్లోకే రాలేదు, ఇక డాబా మాటెందుకు. లాప్‌టాప్ ఎత్తుకుని ఇల్లంతా తిరిగి, చివరికి స్టవ్వు పక్కనే పీట వేసుకున్నాను. ఎలాగూ ఖాళీగా కూర్చున్నాను కదా అని అమ్మ చిక్కుడుకాయలు ముందు పోసేది. ప్రేమగా ఒక్క వాక్యం రాద్దామనేసరికి పోపు ఘాటుకి తుమ్ములు. అమ్మ వెనకే తిరుగుతుంటే "తిన్నారా", "తిన్నాను" దాటి మా ప్రేమ కదల్లేదు.

ఒక సాయంత్రం అటునుంచి పెద్ద సందేశం వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పెళ్లిచూపుల్లో మేం లొట్టలేసుకు తిన్న బూరెలు వాళ్ల పిన్ని చేసిందట. తనకి అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదట. ఇది దాచిపెట్టి పెళ్లి చేసుకోవడం తనవల్ల కావడం లేదట. "మీ అమ్మగారికి తెలిస్తే ఏమంటారోనని భయంగా ఉందండీ" అని చివర్న. తలెత్తితే, అమ్మ గరిటె పట్టుకుని నా భుజం మీంచి కూడబలుక్కుంటూ చదువుతోంది. ఆ బూరెల గురించి అమ్మ వీధంతా చెప్పుకుంది. సంబంధం అక్కడితో సరి అనుకున్నాను.

అమ్మ స్టవ్వు తగ్గించి నా పక్కన చతికిలబడింది. "నేను కాపరానికొచ్చినప్పుడు నాకూ ఏం రాదురా. మీ నాన్న మాడిన పప్పే తిన్నారు. ఆ ముక్క రాయి."

రాశాను. అటునుంచి, "ఇప్పుడు రాసింది ఎవరండీ?" అని వచ్చింది.

"అత్తయ్య అని రాయి," అంది అమ్మ.

అప్పట్నుంచి పెళ్లిదాకా సాయంత్రాలన్నీ వాళ్లిద్దరివే. నేను టైపిస్టుని, మధ్యమధ్య చిక్కుడుకాయల ఈనెలు తీసేవాణ్ణి.

ఇప్పుడు మా ఇంట్లో సిగ్నల్ మూలమూలకీ అందుతుంది. అయినా మా ఆవిడతో గట్టి మాట ఏదైనా చెప్పాల్సి వస్తే నా కాళ్లు వంటింటివైపే నడుస్తాయి (పెదనాన్న వాస్తులో ఏదో ఉందని మాత్రం ఒప్పుకోను). డాబా మీద ఒంటరిగా మనసు విప్పుదామనుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి ముందు ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు పొయ్యాలనిపిస్తుంది.