గులాబీ రంగు ఇంటూ మార్కు

నోలీన్ పాస్కో ముప్పై ఒక్క ఏళ్లు ఆ లోయలో స్కూలు బస్సు నడిపింది. మిల్లు మలుపులో బస్సు నెమ్మదించినప్పుడల్లా కొండ నిండా మొద్దులే కనిపించేవి. వాటిలో సగం ఆమె తండ్రి రంపం కోసినవే. ఉద్యోగం మానేసిన ఏడాది ఒక పార, నలభై నీలగిరి మొక్కలు పట్టుకుని ఆ కొండ ఎక్కింది. ఎందుకని అడిగినవాళ్లకు, "ఆ బోడికొండను చూసి చూసి విసుగొచ్చింది" అని చెప్పింది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ల శనివారాలు అక్కడే గడిచాయి. ఊళ్లోవాళ్లు పదిమంది తోడయ్యారు. అందరికంటే ముందు వచ్చినవాడు డెస్ హాలోరన్. బడిలో ఆమె వెనక బెంచీవాడు, గింజ ఏదైనా వాడి చేతిలో మొలకెత్తాల్సిందే. కొన్ని మొక్కల్ని మంచు మాడ్చింది, కొన్నిటిని కంగారూలు కొరికేశాయి. చచ్చినచోట మళ్లీ నాటారు. తొమ్మిదో ఏట ఒక కొమ్మ చీలికలో బూడిదరంగు ఉండ ఒకటి మెల్లగా ఒత్తిగిలింది. తోపులో మొదటి కోఆలా. డెస్ టోపీ తీశాడు.

తోపు పెరిగి కొండమీది అడవిని ఏటి ఒడ్డుతో కలిపింది. నడుమ రోడ్డు. చెట్ల నీడ వెంట దిగివచ్చిన ప్రాణులకు దాన్ని దాటక తప్పదు. రోడ్డు వెంట కంచె వేస్తామన్న అధికారులు ఏటా "వచ్చే ఏడాది" అంటూనే ఉన్నారు.

రోడ్డు మీద చచ్చిన కంగారూ గాని కోఆలా గాని కనిపిస్తే అక్కడివాళ్లు బండి ఆపుతారు. పొట్టసంచిలో చెయ్యి పెట్టి, బతికున్న పిల్ల ఉందేమో చూస్తారు. లేకపోతే రంగు డబ్బాతో దాని ఒంటిమీద గులాబీ రంగు ఇంటూ మార్కు వేస్తారు. వెనక వచ్చేవాళ్లు ఇక ఆగనక్కర్లేదు. లోయలో ఆ పద్ధతి పెట్టింది నోలీనే. జబ్బుపడ్డ కోఆలాలను ఇంట్లో పెట్టుకుని సాకేదీ ఆమే. "మార్కు ఉంటే పోతూనే ఉండండి. బతికున్నవి ఇంట్లో ఆకు కోసం ఎదురుచూస్తుంటాయి" అని కొత్తవాళ్లకు చెప్పేది.

ఆమె దగ్గర పెరిగినవాటికి దొరికిన చోటే ఇంటిపేరు. బేకరీ ఎడ్నా బేకరీ వెనక చెత్తడబ్బాల మధ్య, కళ్లు పుసులు కట్టి మూసుకుపోయి దొరికింది. నోలీన్ దాన్ని నాలుగు నెలలు స్నానాలగదిలో పెట్టుకుని మందులు వేసింది. కుడి చెవికి పసుపు బిళ్ల తగిలించి తోపులో వదిలింది. ఆ జబ్బు తగిలిన ఆడ కోఆలా మళ్లీ ఈనడం అరుదు. తోపులో అంతవరకు ఒక్క పిల్లయినా పుట్టలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం దుర్భిణీలో చూస్తుంటే ఎడ్నా పొట్టసంచి మీది బొచ్చు కింద ఏదో అలలా మెదిలింది.

నోలీన్ ఎవరికీ చెప్పలేదు. చెబితే జనం ఫోన్లు పట్టుకుని చెట్టు చుట్టూ మూగుతారనుకుంది. అదొక్కటే కాదు. ఆ మెదలిక కొన్నాళ్లు తనొక్కదానికే ఉండాలనిపించింది.

మూడు వారాలు గడిచాయి. ఆ మంగళవారం కోఆలాలకు ఆకు కోసుకొచ్చే వంతు ఆమెది. బండి వెనక పచ్చి కొమ్మలు, ఇంట్లో ఆకలితో రెండు రోగిష్టి కోఆలాలు. మిల్లు మలుపులో గడ్డి అంచున బూడిదరంగు కుప్ప, దానిమీద గులాబీ ఇంటూ. ఆమె కాలు బ్రేకు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అప్పుడు ఉదయం ఎనిమిది.

మధ్యాహ్నం మూడింటికి కళేబరాన్ని తీసుకుపోవడానికి గోనె పట్టుకుని వచ్చింది. పక్కకు తిప్పింది. నేలకు అణిగిన కుడి చెవికి పసుపు బిళ్ల.

కంగారూ సంచి మూతి పైకి ఉంటుంది. కోఆలాది కిందికి. ఆమె చెయ్యి కిందనుంచి వెళ్లింది. పిడికిలంత పిల్ల, ఇంకా బొచ్చు రానిది, చనుమొన నోట్లో పట్టుకునే ఉంది. కదల్లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. అది ఎండ వేడో, పోయిన ప్రాణం వదిలిన వేడో ఆమెకు తెలియలేదు.

డెస్ తన షెడ్డులో మొక్కలు పెంచే గొట్టాల్లో మట్టి నింపుతున్నాడు.

"ఏంటి నోలీన్, ఇవాళ బస్సు లేటు?" అన్నాడు తలెత్తకుండానే.

"మలుపులో మార్కు నువ్వే వేశావా?"

"నేనే. ఆరున్నరకి. చెయ్యి పెట్టి చూశాలే, ఏం లేదు."

"ఎట్నుంచి పెట్టావు?"

"ఎట్నుంచేంటే? ఎన్ని వందల కంగారూలు చూశాను నేను!" అంటూ మట్టి చేతిని గాల్లో పైనుంచి కిందికి దించి చూపించాడు. సగంలో చెయ్యి ఆగిపోయింది. ఆమె చేతుల్లోని తువ్వాలు మూట వైపు చూశాడు.

"విప్పకు" అన్నాడు.

ఆమె విప్పింది.

"ఎడ్నాది" అంది.

బయట నీళ్ల గొట్టం ఎక్కడో కారుతోంది. డెస్ మట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"దాని సంచిలో పిల్ల ఉందని నీకు తెలుసా?"

"మూడు వారాల నుంచి."

"నాకొక్క ముక్క చెబితే ఏం పోయేదే? చెప్పుంటే నేను వెతికేవాణ్ణి. దొరికేదాకా వెతికేవాణ్ణి."

"తెలుసు."

"ఆరున్నరకి బతికే ఉండేదేమో."

"ఎనిమిదికీ ఉండేదేమో, డెస్. నేను మార్కు చూసి ఆగకుండా పోయాను."

శనివారం మొక్కలు నాటడానికి పదకొండుమంది వచ్చారు. డెస్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చి అందరికీ దూరంగా కూర్చున్నాడు. నోలీన్ పాత స్వెటరు కోసి ఒక సంచి కుట్టింది. మూతి బిగువుగా, కిందికి ఉండేలా కుట్టి, లోపల పిల్లకు బదులు ఒక ఉల్లిగడ్డ పెట్టి, దాన్ని కోఆలా అంత గోనెమూటకు కట్టి గడ్డిమీద పడుకోబెట్టింది.

"కళ్లు మూసుకుని వెతకండి. ఒకరి తర్వాత ఒకరు" అంది. ముందు తనే వెతికింది.

నవ్వడానికి ఒకరిద్దరు నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మానుకున్నారు. చివరికి డెస్ లేచి మోకాళ్లమీద కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అతని చెయ్యి అలవాటుగా పైనుంచే వెళ్లి, ఉన్నిని తడిమి, ఖాళీగా ఆగిపోయింది.

"కిందనుంచి" అంది నోలీన్.

చెయ్యి తిరిగింది. లోపలికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే పారలు తీసుకుని కొండెక్కారు.