బావిలో ఆరని లాంతరు

బావిలో లాంతరు వెలుగుతుంటే దిగవచ్చని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు, పుస్తకం చదివానన్న ధీమాతో, ఆ మాట నేనే చెప్పాను. అందుకే ఇది రాయాలి.

తొంభైల చివర మాదాపూర్ బండల మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. ఖాజాగూడ దగ్గర ఒక కట్టడం పనిలో నేను స్టోరు చూసేవాడిని. నా చదువు పదితో ఆగింది. సెలవు దొరికితే చందానగర్ గ్రంథాలయంలో రసాయనశాస్త్రం చదివేవాడిని. బోరాన్ అధ్యాయం ముగించి, కార్బన్‌లో బొగ్గుపులుసు వాయువు దాకా వచ్చాను. అది గాలికన్నా బరువు, గుంటల్లో నిలుస్తుంది, దీపాన్ని ఆర్పేస్తుంది. దొరికినవాళ్లందరికీ ఇది చెప్పేవాడిని.

పనికి నీళ్లు ఒక పాత వ్యవసాయ బావి నుంచి వచ్చేవి. ఎండాకాలం నీరు బాగా కిందికి పోవడంతో నీళ్లు తోడే డీజిల్ ఇంజన్‌ను బావి లోపలి గట్టు మీదికి దించారు. ఒక మధ్యాహ్నం అది చాలాసేపు నడిచింది, తర్వాత నీళ్లు పైకి ఎక్కడం మానేశాయి. ఇంజన్ ఆపి, అడుగున పైపుకు పట్టిన చెత్త తీయడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీ అన్న సిద్ధమయ్యాడు.

ముసలి మేస్త్రీ అలవాటు ప్రకారం ముందు లాంతరు దించాడు. అది అడుగుదాకా వెలుగుతూనే ఉంది.

అన్న భార్య అతని నడుముకు తాడు కడుతోంది. నాకు నవ్వొచ్చింది.

"దీపం మంచిగనే ఎలుగుతుంది గదక్కా, ఇగ తాడెందుకు?"

"సారు లైబ్రరీకి పోయొచ్చిండు. ఇగ బాయికి ఫికర్ లేదు," అన్నాడు మేస్త్రీ.

"నీ పుస్తకం నీకాడనే ఉంచుకో తమ్మీ. తాడు కట్టందే దిగనియ్య," అందామె.

అన్న దిగాడు. ఆమె పైనుంచి పిలుస్తూనే ఉంది. మొదట "ఆఁ" అన్నాడు. తర్వాత "ఊఁ". ఆ తర్వాత ఏమీ లేదు. వంగి చూస్తే లాంతరు పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మంట కదలకుండా, నిటారుగా వెలుగుతోంది. ఆ వెలుగులో అతను ఎవరో చెప్పే కథ వింటున్నట్టు ఉన్నాడు.

మేస్త్రీ చెప్పులు విడిచి దిగబోయాడు.

"ఎవ్వలు దిగొద్దు! గుంజుండ్రి!" అని అరిచిందామె.

గుంజాం. పైకి వచ్చిన మనిషి చెంపలు ఎర్రగా, పెళ్లి భోజనం చేసి వచ్చినవాడి చెంపల్లా ఉన్నాయి. ఊపిరి మాత్రం అందీ అందనట్టుంది. దవాఖానలో రెండు రోజులకు కోలుకున్నాడు.

"పాణం హాయిగుండె తమ్మీ. దీపం దిక్కు సూసుకుంట పండుకోబుద్ధయింది," అన్నాడు నాతో.

మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి, నేను ఆపిన పేజీ తిప్పాను. అక్కడే ఉంది, కార్బన్ మోనాక్సైడ్. అదే కార్బన్, కానీ ఒక్క ఆక్సిజన్ తక్కువ. ఇంజన్ పొగలో ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని పట్టుకుంటే వదలదు. మనిషిని చంపేంత ఉన్నా దీపం ఆరదు.

ఆ బావిని తర్వాత పూడ్చారు. పైన ఇప్పుడు కార్లు నిలుపుతారు. అటు వెళ్లినప్పుడల్లా, కింద ఆ మంట ఇంకా నిటారుగానే ఉందనిపిస్తుంది.

పేర్లు రాయను, పిలిచిన పిలుపులతోనే చెబుతాను. ఆ పుస్తకం వెతికి మళ్లీ నా చేతికిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, చేతులు ఒరుసుకుపోయినా తాడు వదలని మేస్త్రీ తాతకు, నన్ను ఒక్క మాట అనని అన్నకు, నా మాట వినని అక్కకు దండాలు.