పడవలో చోటు మారిన చప్పుడు

నేను దయ్యాలను నమ్మను. ఆ మాటకొస్తే మనుషులను కూడా అంత తొందరగా నమ్మను. కూరగాయల బండి దగ్గర తూకంరాయి చేత్తో ఎత్తి చూస్తాను. ఒక డాక్టరు రాసిన మందు ఇంకో డాక్టరుకు చూపిస్తాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది, నేను జాగ్రత్త అంటాను. ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేది చదివి ఇతనెవరో గాలికీ ధూళికీ జడిసే మనిషి అనుకోకూడదని.

తొంభైల చివర్లో తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే రోడ్డులో నాకు ఫైబర్ షాపు ఉండేది. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, పెళ్లి మండపాలకు స్తంభాలు చేసేవాళ్లం. షాపు నా పేరు మీద ఉన్నా పనంతా చెంగల్రాయులు చేతిలో ఉండేది. అతనిది ఐరాల పక్కన పల్లె. వయసులో నాకన్నా చిన్న. ఇద్దరం మద్రాసులో పడవలు కట్టే యార్డులో పని నేర్చుకున్నాం. ఒకే గదిలో ఉండి, ఒకే క్యారియర్‌లో తిన్నాం. పదిహేనేళ్ల స్నేహం మాది. నేను కాస్తో కూస్తో నమ్మిన మనిషి ఉన్నాడంటే అతనే.

ఒక వేసవిలో పాకాల నుంచి నేవీలో రిటైరైన ఒకాయన వచ్చాడు. అందరూ ఆయన్ను నేవీ సారు అనేవాళ్లు. మద్రాసులో ఎవరో విదేశీయుడు వదిలేసి వెళ్లిన పాత తెరచాప పడవను ఆయన కొన్నాడు. దాన్ని బాగుచేయించి, భార్యను ఎక్కించుకుని పాండిచ్చేరి దాకా సముద్రం మీద వెళ్లాలని ఆయన కోరిక. ఆవిడకు ఈత రాదు. ఆ సంగతి ఆయన నవ్వుతూ చెప్పాడు.

సముద్రం లేని ఊరికి పడవను ఎందుకు తెచ్చారని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. ఆ రకం పడవ ఒంట్లో లోపలొకటి, బయటొకటి ఫైబర్ పొరలుంటాయి. మధ్యలో బాల్సా అనే తేలిక చెక్క నింపుతారు. దానివల్ల పడవ తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. కానీ ఎక్కడైనా ఒక బోల్టు చుట్టూ సీలు పోయిందా, ఆ సందులోంచి నీళ్లు దిగి చెక్క నాని కుళ్లిపోతుంది. పైకి ఏమీ కనబడదు. పాతవి కొన్నవాళ్లు మోసపోయేది అక్కడే. మద్రాసు గాలిలో ఆ తడి ఏడాదైనా ఆరదు. రేణిగుంట ఎండలో రెండు నెలల్లో ఆరుతుందని నేవీ సారు లెక్క. మా ఎండ ఎవరికైనా పనికొచ్చిందంటే అదే మొదటిసారి.

లారీ మీద నుంచి క్రేనుతో దించి, రేకుల షెడ్డులో చెక్క దిమ్మల మీద నిలబెట్టాం. కొండకు పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఒకాయన దిగి వచ్చి మరీ అడిగాడు, "ఏమప్పా, ఈడికి సముద్రం వస్తాదా ఏంది?" అని.

కుళ్లు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి చాలా పాతది. చిన్న సుత్తి తీసుకుని పడవ ఒళ్లంతా మెల్లగా తట్టుకుంటూ పోవాలి. సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే. చెక్క బాగున్న చోట ఠంగుమంటుంది. కుళ్లిన చోట దప్పుమంటుంది. దప్పుమన్న మేర చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తాం. తర్వాత అంతవరకు పై పొర కోసి, పాడైన చెక్క తీసి, కొత్తది పెట్టి, మళ్లీ పొరలు వేస్తాం. గీత తప్పితే పనంతా తప్పుతుంది. కుళ్లు కొంచెం మిగిలినా పెద్ద అలకు అక్కడే చీలుతుంది.

తట్టడంలో చెంగల్రాయులు చెవికి సాటి లేదు. మొదటి రోజు అతను కుడిపక్క వెనకవైపు గీత గీశాడు. పొడుగు ఐదడుగుల పైన ఉంటుంది, వెడల్పు అడుగున్నర. మిగతా పడవంతా ఠంగుమంది. ఇంతే కదా అనుకున్నాను.

నాలుగైదు రోజుల తర్వాత అతను నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఇది నడస్తా ఉండాది."

"ఏది?"

"చప్పుడు. నిన్న దప్పుమనిన చోట ఈ పొద్దు ఠంగుమంటాది. రోజూ తుడిచి మళ్లా గీస్తా ఉండాను. జానెడు జానెడు ముందుకు పోతా ఉండాది. ఈ పని వద్దన్నా. సారుకు చెప్పి పంపించేద్దాం."

నవ్వాను. కానీ లోపల వేరే లెక్క మొదలైంది. చెంగల్రాయులు చిత్తూరులో సొంతంగా షాపు పెట్టడానికి స్థలం చూస్తున్నాడని ఫైబర్ పొరలు అంటించే రెసిన్ జిగురు అమ్మే కొట్టాయన నెల కిందటే నా చెవిన వేశాడు. అతను నాతో అనలేదు, నేనూ అడగలేదు. మా చుట్టుపక్కల తెరచాప పడవ బాగుచేసిన షాపు ఇంకోటి లేదు. ఈ పని చేసిన వాడికి పేరొస్తుంది. నేను భయపడి వదిలేస్తే నేవీ సారు ఎక్కడికి పోతాడు? పాకాలకు దగ్గరే ఉన్న చిత్తూరుకు పోతాడు. రోజూ గీతలు తుడిచి కొత్తవి గీసేది కూడా ఇతనే కదా. ఒకసారి అలా అనుకున్నాక నాకు అన్నీ అలాగే కనబడ్డాయి. అతను మంచినీళ్లు తాగినా నన్ను ఓరకంట చూస్తూ తాగుతున్నట్టే ఉండేది.

రెండోసారి అదే మాట అన్నప్పుడు పనివాళ్లంతా అక్కడే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

"అయితే ఈ మాట కాణిపాకంలో చెప్పు" అన్నాను.

మా జిల్లా వాళ్లకు ఆ మాట బరువు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కాణిపాకం వినాయకుడి ముందు తానం చేసి తడిబట్టలతో ప్రమాణం చేస్తే అబద్ధం చెప్పలేరని మా నమ్మకం. దొంగతనం దగ్గర, పొలం గట్టు తగాదా దగ్గర, ఇక ఏ దారీ లేనప్పుడు పెద్దమనుషులు ఆ మాట వాడతారు. పదిహేనేళ్లు ఒకే క్యారియర్‌లో తిన్నవాణ్ణి, నలుగురి ముందు, ఒక పడవ కోసం ఎవరూ అడగరు. నేను అడిగాను.

చెంగల్రాయులు సుత్తి కింద పెట్టాడు. "ఎప్పుడు పోదాం?" అన్నాడు, అంతే.

మరుసటి పొద్దున బస్సెక్కాం. అతను ముందు సీట్లో, నేను వెనక. చిత్తూరులో బస్సు మారాక కూడా అలాగే కూర్చున్నాం. అతను తానం చేసి వచ్చి, నీళ్లు కారుతుండగా నిలబడి, గట్టిగా చెప్పాడు. "నేను తట్టిన చోట చప్పుడు చోటు మారింది నిజం. ఈ మాటలో నా సొంత లాభం ఏమీ లేదు." నేను పక్కన నిలబడి మాటలు సరిగ్గా పలుకుతున్నాడా, మధ్యలో ఏదైనా మింగుతున్నాడా అని నోటివంకే చూస్తున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

బయటికి వచ్చాక అతను బస్టాండు వైపు రాలేదు. తడి పంచె పిండుకుని వాళ్ల పల్లె దారి పట్టాడు. నేను ఒక్కణ్ణే తిరిగి వచ్చాను.

వారం చూశాను. రాలేదు. అతని సామాను పంపించేద్దామని పనిముట్ల పెట్టె తెరిచాను. అడుగున పొడుగ్గా అతికించిన సిమెంటు సంచి కాగితాలు చుట్టగా ఉన్నాయి. మొత్తం ఐదు. పడవ మీద గీసిన గీతను ఒక్కో రోజు కాగితం ఆనించి దిద్దుకున్నాడు. ఒక్కోదాని మీద వారం పేరు, పడవ వెనక అంచు నుంచి ఎన్ని జానలో రాసుకున్నాడు. ఇవి కూడా నన్ను నమ్మించడానికే గీసిపెట్టాడని అనుకున్నాను. అంత దాకా పోయింది నా బుర్ర.

అందుకని నేనే పరీక్ష పెట్టాను. పనివాళ్లకు రెండు రోజులు సెలవిచ్చాను. ఒకరోజు పొద్దున పదింటికి నేనొక్కణ్ణే పడవంతా తట్టాను. దప్పుమన్న చోట సుద్ద కాకుండా, చెరగని నీలం మార్కరుతో గీత గీశాను. కొలతలు జేబు పుస్తకంలో రాసుకున్నాను. షెడ్డుకు తాళం వేసి, తాళం మీద కాగితం అంటించి సంతకం పెట్టాను. రెండో తాళంచెవి మా ఆవిడ దగ్గర కూడా ఉంచలేదు.

మరుసటి రోజు సరిగ్గా పదింటికే వెళ్లాను. కాగితం చిరగలేదు. సంతకం నాదే. నీలం గీత గీసినట్టే ఉంది. గీత లోపల తట్టాను. ఠంగుమంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఠంగుమంది. గీత దాటి ముందుకు జానెడు జరిగాక దప్పుమంది.

చెవి మీద అనుమానం వచ్చింది. సుత్తి మీద వచ్చింది. ఇంకో సుత్తి తెచ్చాను. అదే.

ఎడమచెయ్యి పడవ మీద ఆనించి, దప్పుమనే చోట ఒకే చోట మళ్లీ మళ్లీ తట్టాను. దప్పు, దప్పు, దప్పు. తర్వాతి దెబ్బకు ఠంగుమంది. సుత్తి జరగలేదు, నేను జరగలేదు. అదే క్షణంలో నా ఎడమ అరచేతి కింద పడవ చల్లగా అయింది. రేణిగుంటలో మే నెల, రేకుల షెడ్డు, ముట్టుకుంటే కాలే ఫైబరు అది. చెయ్యి తీసి, అక్కడ తట్టాను. దప్పుమంది.

షెడ్డు బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, భయపడ్డాను.

కాసేపటికి మళ్లీ లోపలికి వెళ్లి ఆ కొత్త చోటును కూడా కాగితం మీద దిద్దాను. చెంగల్రాయులు కాగితాల పక్కన పరిచాను. ఆరూ ఒకే కొలత. అంచుల వంపులు మాత్రం కొంచెం కొంచెం తేడా. వరసగా పెట్టి చూస్తే, పక్క మీద పడుకున్న మనిషి అటూ ఇటూ ఒత్తిగిలినట్టు ఉంది. ఎక్కువ చెప్పను. నాకు అలా కనబడింది, అంతే.

మరుసటి పొద్దున మొదటి బస్సుకే ఐరాల వెళ్లాను. చెంగల్రాయులు వాళ్ల గానుగ దగ్గర బెల్లం పాకం కలుపుతున్నాడు. అతని భార్య మజ్జిగ ఇచ్చింది. నేను నిలబడే అంతా చెప్పాను. తాళం, సంతకం, నీలం గీత, చేతి కింద చల్లదనం. నువ్వు చెప్పిందే నిజం చెంగల్రాయులూ, తప్పు నాది, పద పోదాం అన్నాను.

అతను పాకం కలపడం ఆపలేదు.

"దేవుని ముందర తడిగుడ్డల్తో చెప్తే నమ్మలేదు. సుత్తి చెప్తే నమ్మినావు" అన్నాడు. "ఇంగ నాతో ఏం పని ఉండాదన్నా నీకు? ఆ సుత్తినే పెట్టుకో."

తర్వాత నా ముఖం చూసి, ఇంకో మాట అన్నాడు. "ఆ యమ్మకు ఈత రాదంట కదా. సారుకు మాత్రం చెప్పు. నీళ్లల్లో దించొద్దని చెప్పు."

చిత్తూరు స్థలం గురించి అతని భార్యే చెప్పింది, నేను అడగకుండానే. అది తన తమ్ముడి టీ కొట్టు కోసమట.

నేవీ సారుకు చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆయన ఎదుటే దప్పుమన్న చోట ఒక ముక్క, ఠంగుమన్న చోట ఒక ముక్క గుండ్రంగా కోసి తీశాను. రెండింటిలోనూ చెక్క ఎండి, కొత్తదానిలా పసుపుగా ఉంది. కుళ్లు లేదు, తడి లేదు. దీనికా ఇంత రాద్ధాంతం అన్నాడు. ఈ పని నేను చెయ్యను, దయచేసి అమ్మగారిని ఎక్కించొద్దు అన్నాను. ఎందుకో చెప్పమన్నాడు. ఆ రెండు చిల్లులూ పూడ్చి, పడవను లారీ ఎక్కించి పంపాను.

మద్రాసులో ఇంకొకరి చేత పడవంతా తట్టించానని, ఒక్క చోట కూడా దప్పుమనలేదని ఆయన తర్వాత ఫోను చేసి మరీ చెప్పాడు. మరుసటి ఏడాది భార్యతో పాండిచ్చేరి వెళ్లి వచ్చాడు. ఇద్దరూ క్షేమం. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. ఆ పడవ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, చెంగల్రాయులుకూ నాకూ తప్ప.

ఈ రంగంలో చదువుకున్న వాళ్లను అడిగాను. ఎండకు పొరలు వ్యాకోచించి శబ్దం మారుతుందన్నారు. మారుతుంది, నాకూ తెలుసు. అందుకే రెండు రోజులూ ఒకే వేళకు తట్టాను. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎందుకు మారుతుందో ఎవరూ చెప్పలేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

చాలా ఏళ్లకు చిత్తూరు బస్టాండులో చెంగల్రాయులు కనబడ్డాడు. జుట్టు నెరిసింది. చేతిలో మామిడికాయల సంచి. నన్ను చూసి ఆగాడు. "బాగుండారా సార్?" అన్నాడు.

బాగున్నానన్నాను. ఆ చప్పుడు చోటు మారడం విన్నవాళ్లం ఇద్దరమే ఉన్నాం. అదేమై ఉంటుందని అతన్ని అడగాలని ఎన్నేళ్ల నుంచో నోటి చివర ఉంది. అడిగితే అతనొక్కడే నన్ను నమ్ముతాడు. అడగలేకపోయాను. కాణిపాకం బస్సు వచ్చింది, అతను ఎక్కి వెళ్లిపోయాడు.