పదకొండో నంబర్‌తో భోజనం

డునెడిన్ యూనివర్సిటీలో నేను చేసిన పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ చిరాకే. క్లుప్తంగా చెబితే "ఇంతేనా" అంటారు, వివరంగా చెబితే ఆవలిస్తారు. కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. మా డిపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్‌కి కలిపి ఉండేవి. ఎవరు ఏ ఫైలు తెరిచినా, చదివినా, మార్చినా, చెరిపినా, సర్వర్‌లో నేను పెట్టిన చిన్న ప్రోగ్రామ్ ఆ సంగతిని టైముతో సహా ఒక వరుసగా రాసుకునేది. ఆ వరుసలను నెలల తరబడి పోగుచేసి, ఏ ఫైళ్లను సర్వర్ చేతికందేలా ఉంచుకోవాలో తేల్చడం నా పని.

ఫైల్లో ఏముందో నాకు కనిపించదు. మనిషి పేరూ కనిపించదు, ప్రోగ్రామ్ తనే ఇచ్చిన నంబర్ ఒక్కటే కనిపిస్తుంది. "మీరెవరో నేను కనిపెట్టను" అని రాసిన కాగితం మీద ముందు నేను సంతకం చేసి, తర్వాత ఇరవై మంది చేత చేయించుకున్నాను. వద్దనుకున్నప్పుడు ఎవరైనా తప్పుకోవచ్చని కూడా అందులో ఉంది. నా కంప్యూటర్‌నీ కలిపాను. నేను ఇరవై ఒకటో నంబర్. నాకు తెలిసిన నంబర్ అదొక్కటే.

మొదటి సంతకం డిపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేసే పెద్దావిడది. నా ఫ్లాట్‌లో చలికి నిద్ర పట్టడం లేదని విని, ఇంటి నుంచి హాట్ వాటర్ బ్యాగ్ తెచ్చిచ్చిన మనిషి ఆవిడ. కాగితం చదవనైనా చదవలేదు. "నువ్వు చెప్పావుగా, చాలు" అని సంతకం చేసేసింది.

ఇక నా సంగతి. నాకు చాలా ఒంటరిగా ఉండేది. దాన్ని తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. టీ రూమ్‌లో అందరూ రగ్బీ గురించీ, ఇళ్లకు వేసే రంగుల గురించీ మాట్లాడుకునేవారు. నా టిఫిన్ డబ్బా మూత తీస్తే ఇంగువ వాసన గదంతా కమ్ముకునేది. ఎవరూ ఏమీ అనలేదు, నేనే బిడియపడి డబ్బా తీసుకెళ్లి నా బల్ల దగ్గర తినడం మొదలుపెట్టాను. ఎదురుగా స్క్రీన్ మీద వరుసలు కదులుతుండేవి. అలా కళ్లబడింది పదకొండో నంబర్.

రోజూ పన్నెండు నలభైకి పదకొండో నంబర్ ఒక చిన్న ఫైలు తెరిచేది. ఎప్పుడూ అదే ఫైలు. అందులో ఒక్క అక్షరం మార్చేది కాదు. ఇరవై నిమిషాలు తెరిచి ఉంచి, మూసేసేది. ఎన్నాళ్లు చూసినా అంతే. చదవడమే తప్ప రాయని ఫైళ్ల గురించి నేను రాస్తున్న అధ్యాయానికి అదే ప్రాణం. అది నా పరిశోధన సంగతి. నిజం చెప్పాలంటే, ఆ వరుస పడేదాకా ఆగి డబ్బా మూత తీయడం నాకు అలవాటైపోయింది. ఎదురుగా ఎవరో కూర్చుని తింటున్నట్టే ఉండేది.

ఆక్లాండ్‌లో శాండ్రింగ్‌హామ్ వైపు ఉండే అక్క ఒకావిడ, వచ్చేటప్పుడు విమానంలో పరిచయమైనావిడ, ఆదివారాలు ఫోన్ చేసేది. ఆమెకు ఈ సంగతి చెప్పాను.

"మనుషుల్ని వదిలేసి నంబర్‌తో సెటిల్ అయ్యావేంటే నువ్వు? ఆక్లాండ్ వచ్చెయ్. ఇక్కడ గోంగూర కూడా దొరుకుతోంది."

"థీసిస్ అయ్యాక చూద్దాంలే అక్కా" అని నవ్వేశాను.

ఆ ఆగస్టులో, అంటే అక్కడి చలికాలంలో, ఆఫీసు పెద్దావిడ వారం రోజులు సెలవు పెట్టింది. ఆ వారమంతా పదకొండో నంబర్ లేదు. సోమవారం ఆవిడ వచ్చింది, పన్నెండు నలభైకి పదకొండో నంబరూ వచ్చింది. కనిపెట్టనని సంతకం చేసినదాన్ని కనిపెట్టేశాను. కనిపెట్టినదాన్ని నోరు మూసుకుని ఉండొచ్చు కదా. మా ఇంట్లో నన్ను వాగుడుకాయ అనేవారు. వాగడానికి మనిషి లేక నెలల తరబడి మింగినదంతా ఆ మర్నాడు టీ రూమ్‌లో బయటికొచ్చింది.

"మీరు లేక వారమంతా నేనొక్కదాన్నే భోంచేశాను" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నవ్వింది.

"పన్నెండు నలభైకి మీరో ఫైలు తెరుస్తారు కదా, అప్పుడే నేనూ డబ్బా తెరుస్తాను."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. సగం తాగిన కప్పును సింకులో పెట్టింది.

"మేమెవరో నీకు తెలియదన్నావు."

"అందులో ఏముందో నాకు నిజంగా తెలియదు."

"నేనడిగింది అది కాదు" అంది మెల్లగా, వెళ్లిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు. గురువారం నా బల్ల మీద ఒక కవరు ఉంది. తప్పుకుంటున్నానని లోపల ఒకే వాక్యం, కింద సంతకం. ఈసారి కాగితం మొత్తం చదివే చేసి ఉంటుంది.

మా గైడ్‌కి జరిగింది చెప్పాను. "ఆవిడ వరుసలన్నీ తీసెయ్. ఆ అధ్యాయం మళ్లీ రాసుకో" అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండేది. ఆర్నెల్ల మనిషిని చెరపడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. అధ్యాయానికి రెండు నెలలు పట్టింది. దానికి నేను ఏడవలేదు. ఆవిడ దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను.

"నీ మనసులో చెడు లేదని నాకు తెలుసు" అని తన పనిలో పడిపోయింది. హాట్ వాటర్ బ్యాగ్ తిరిగి ఇమ్మనలేదు. ఇచ్చే ధైర్యం నాకూ లేకపోయింది.

ప్రోగ్రామ్ ఇప్పుడు ఆవిడ కంప్యూటర్ జోలికి పోదు. కాబట్టి ఆ ఫైలు ఇంకా తెరుస్తోందేమో నాకు తెలిసే దారి లేదు. తెరుస్తూనే ఉందిలే అనుకుని, కవరు వచ్చాక మొదటి సోమవారం పన్నెండు నలభైకి వరుసల ఫైలు తెరిచి, డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. వాన పడుతోంది. కిటికీలోంచి చూస్తే కింద కార్ పార్క్‌లో ఆవిడ కారు, అందులో ఆవిడ. ఒళ్లో కాగితం పరుచుకుని శాండ్‌విచ్ తింటోంది. ఆఫీసు గది వెచ్చగా, ఖాళీగా ఉండి ఉంటుంది. చలికాలం అయిపోయేదాకా ఆవిడ మధ్యాహ్నాలు ఆ కారులోనే తింది.

ఆ రోజు నేను డబ్బా మూత తీయలేదు. స్క్రీన్ వైపు తిరిగాను. పన్నెండు నలభైకి ఒకటే వరుస పడి ఉంది. ఇరవై ఒకటో నంబర్ ఒక ఫైలు తెరిచింది, చదివింది, ఏమీ రాయలేదు.