ఇనెస్ పంపిన మనిషి

మా చిన్న ఊరు ఆల్డర్ వెల్స్‌లో ఎవరింట్లో ఏ ఆపద వచ్చినా మొదట వినపడే గొంతు ఇనెస్ ఫగుండెస్‌ది. టౌన్ హాల్ వెనక గదిలో, పోలీసు ఫోన్ల దగ్గర ఇరవై ఒక్క ఏళ్ళు కూర్చుంది. ఫోన్ ఎత్తడం, సంగతేమిటో కనుక్కోవడం, దగ్గర్లో ఉన్న పోలీసుని పంపడం, ఇదే ఆమె పని. నా క్షౌరశాలకి నిప్పంటుకున్న రోజు నేను ఫోన్ చేసి "ఇనెస్..." అన్నానంతే. "బండి బయల్దేరింది. నువ్వు బయటికి రా. కత్తెరల కోసం మళ్ళీ లోపలికెళ్ళావో, నేనే వచ్చి తంతాను" అంది.

ఆమె భర్త లయొనెల్. పాడి పశువుల దగ్గర పనిచేసి పనిచేసి నడుం వంగిన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ వైద్యమంతా ఇనెస్ ఉద్యోగంతో వచ్చే బీమా మీదే నడిచేది.

ఇళ్ళ ధరలు కూలిపోయాక ఊరికి ఇంటి పన్నుల రాబడి సగానికి పడిపోయింది. వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి ఆర్పేశారు. లైబ్రరీకి తాళం పడింది. అప్పుడు ఊరి పాలన చూసే సిటీ మేనేజర్ ప్రెస్కాట్, మాజీ సైనికుల వెటరన్స్ హాల్లో మీటింగు పెట్టి, మన పోలీసు శాఖని ఎత్తేసి ఆ పని కౌంటీ షెరీఫ్‌కి, అంటే జిల్లా పోలీసులకి, ఒప్పందం మీద ఇచ్చేద్దామన్నాడు. "ఖర్చు మూడోవంతు తగ్గుతుంది. మీకు మారేది యూనిఫాం రంగొక్కటే" అన్నాడు.

మా ఊరి పోలీసు సార్జెంట్ డేల్ టాకెట్ లేచాడు. "ప్రెస్కాట్, నువ్వీ ఊరొచ్చి రెండేళ్ళు. నీ కుక్క తప్పిపోతే వెతికి తెచ్చిందెవరయ్యా? షెరీఫా?"

అందరం నవ్వాం. ప్రెస్కాట్ కూడా నవ్వాడు. "నువ్వే తెచ్చావు డేల్, కాదనను. మరి లైబ్రరీ తెరవాలా వద్దా, అది కూడా నువ్వే చెప్పు."

డేల్ కూర్చున్నాడు. ఊరి ఓటు పెట్టారు. నేను అవుననే వేశాను. సిగ్గుపడి దాచుకోవాల్సిన ఓటు కాదది. దీపాలు మళ్ళీ వెలిగాయి, లైబ్రరీ తెరుచుకుంది.

పోలీసు కార్లు వేలంలో పోయాయి. స్టేషన్‌లోకి టైర్ల దుకాణం వచ్చింది. డేల్ అరవై నిండకుండానే రిటైరై, ఇంటి షెడ్డులో గడ్డి కోసే యంత్రాలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఇనెస్‌కి మాత్రం కౌంటీ ఫోన్ల కేంద్రంలో కుర్చీ ఇస్తామన్నారు. నలభై మైళ్ళ దూరం, కొత్తవాళ్ళతో సమానంగా అట్టడుగు నుంచి మొదలు. బీమా మాత్రం ఉంటుంది. వెళ్ళక ఏం చేస్తుంది?

అక్కడ కిటికీల్లేని గది. కంప్యూటర్ తెర మీద ప్రశ్నలు వరసగా వస్తాయి, ఆ వరసలోనే అడగాలి. "రికార్డు చేసిన గొంతులా మాట్లాడాలట. ఏడుస్తున్న మనిషిని పేరు పెట్టి పిలిచినా తప్పేనట" అని ఒకసారి నా దగ్గర జుట్టు కత్తిరించుకుంటూ చెప్పింది.

రెండో ఏడు ఆగస్టులో, మధ్యాహ్నం మూడింటికి ఒక కాల్ వచ్చింది. గుసగుసగా ఆడగొంతు. చిరునామా చెప్పకముందే ఇనెస్ పోల్చుకుంది. గుడ్డల దుకాణం సెలెస్ట్ సీమాస్, మా ఊరమ్మాయే. విడిపోయిన మొగుడు రస్టీ వచ్చి గడ్డపారతో వెనక తలుపు పగలగొడుతున్నాడు. సెలెస్ట్ స్నానాలగదిలో గడియ వేసుకుంది.

మా వైపు తిరిగే షెరీఫ్ మనుషులు ఇద్దరే. ఒకడు హైవే మీద లారీ బోల్తా పడ్డ చోట ఉన్నాడు, ఇంకొకడు కొండల అవతల. మనిషి చేరడానికి నలభై నిమిషాలని తెర మీద పడింది.

డేల్ ఇల్లు సెలెస్ట్ ఇంటికి మూడిళ్ళ అవతల. ఇనెస్ చెయ్యెత్తి సూపర్వైజర్ షెల్బీని పిలిచింది. "ఆ వీధిలో రిటైరైన సార్జెంట్ ఉన్నాడు, ఫోన్ చేస్తాను."

"వద్దు. మామూలు మనిషిని మనం పంపకూడదు. రూలు నీకూ తెలుసు. లైన్లోనే ఉండి మాట్లాడుతూ ఉండు."

ఇనెస్ లైన్లోనే ఉంది. తెర అడగమన్నవి అడిగింది. అతని చొక్కా రంగేమిటి? తాగి ఉన్నాడా? పదకొండు నిమిషాలు అలా గడిచాయి. వెనక తలుపు పడిపోయిన చప్పుడు ఆమె చెవిలోనే వినపడింది. "లోపలికొచ్చేశాడు" అంది సెలెస్ట్.

ఇనెస్ రెండో లైను నొక్కింది. డేల్ నంబరు నోటికొచ్చు.

"డేల్, సెలెస్ట్ ఇంట్లో రస్టీ. గడ్డపార ఉంది."

"వెళ్తున్నా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అడగలేదు.

మోకాలు కూడా సరిగ్గా పనిచెయ్యని మనిషి, చేతిలో ఏమీ లేకుండా వెళ్ళాడు. మాటల్లో పెట్టి రస్టీని హాల్లోనే ఆపాడు. రస్టీ గడ్డపార ఎత్తాడు, డేల్ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి రస్టీ మీద పడేసరికి డేల్ మోచెయ్యి నుజ్జయిపోయింది. సెలెస్ట్ ఒంటి మీద గీత కూడా పడలేదు. షెరీఫ్ మనిషి నలభై ఒకటో నిమిషాన వచ్చాడు. కుర్రవాడు పాపం, దారంతా సైరన్ వేసుకునే వచ్చానని చెప్పుకున్నాడు.

రెండు ఆపరేషన్లు చేసినా డేల్ కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. స్పానరు పట్టుకోలేడు. ఆస్పత్రి బిల్లులు ఎవరివి? మాకు పోలీసులే లేరంది ఊరు. అతన్ని మేం పంపలేదంది కౌంటీ.

షెల్బీ ఇనెస్‌ని గదిలోకి పిలిచి కాగితం ముందు పెట్టింది. డేల్‌కి స్నేహం కొద్దీ చెప్పానే తప్ప ఉద్యోగంలో భాగంగా పంపలేదని అందులో ఉంది. "సంతకం పెడితే మందలింపుతో పోతుంది ఇనెస్. ఉద్యోగంలో ఉండే పంపానని నువ్వంటే మాత్రం ఉద్యోగం పోతుంది. నేనేం చెయ్యలేను."

పంపానంటే కౌంటీ డేల్‌కి పరిహారం ఇవ్వాలి. పంపలేదంటే లయొనెల్ బతుకుతాడు.

ఆ కాగితం పట్టుకుని డేల్ ఇంటికి వెళ్ళింది. నేనూ అక్కడే ఉన్నాను, ఎడమచేత్తో గీసుకోలేక గడ్డం మాసిపోతే గీయడానికి వెళ్ళాను.

"పెట్టెయ్" అన్నాడు డేల్, మొహం నిండా నురగతో.

"ఎలా పెట్టనురా? పంపింది నేనే కదా!"

"నేను చెయ్యి పోగొట్టుకుంది నువ్వు మొగుణ్ణి పోగొట్టుకోవడానికి కాదు. పెట్టి పో. ఏడవకు, ఈ మంగలి చెయ్యి వణికితే నా చెవి పోతుంది."

పెట్టింది. చర్చిలో జరిగే పరిశుద్ధాత్మ పండగనాడు మేం డేల్ కోసం విందు పెట్టి చందాలు పోగేశాం. ఇనెస్ వంటగదిలోనే ఉండిపోయింది. గిన్నెలు తోమినంతసేపూ డేల్ కూర్చున్న బల్ల వైపు రాలేదు.

శీతాకాలంలో కౌంటీతో పెట్టుకున్న ఒప్పందం గడువు ముగిసింది. మన పోలీసుల్ని మళ్ళీ తెచ్చుకుందామని కొందరు పట్టుబట్టారు. తెచ్చుకోవడానికి ఏముంది? కార్లు లేవు, రేడియోలు లేవు, స్టేషన్ లేదు. అన్నీ కొత్తగా కొనాలంటే, ఎత్తేయకముందు పెట్టినదానికి రెండింతలు కావాలని తేలింది. మరో ఐదేళ్ళ పాటు ఉండేలా మళ్ళీ కౌంటీతోనే సంతకాలయ్యాయి. కౌంటీ ఉద్యోగి కాబట్టి మాట్లాడకూడదని ఇనెస్ నోరు మూసుకుని వెనక వరసలో కూర్చుంది.

ఆ తర్వాతి ఏడు చలి పోకముందే లయొనెల్ పోయాడు. పాతిపెట్టిన వారానికి ఇనెస్ కౌంటీ ఆఫీసుకి వెళ్ళి, "డేల్ టాకెట్‌ని పంపింది నేనే. ఉద్యోగంలో ఉండే పంపాను. ఆ కాగితం అబద్ధం" అని చెప్పింది. గుమాస్తా ఫైలు తిరగేసి, పరిహారం అడగాల్సిన గడువు దాటిపోయిందన్నాడు. మీ మాట నమోదు చేసుకుంటాం, దానివల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదన్నాడు. ఉద్యోగంలోంచి తీసేస్తారేమోనని చూసింది. మనుషులు చాలని కేంద్రమది, తీసెయ్యలేదు కూడా.

"ఇంకా ఎందుకు వెళ్తున్నావు? ఇక నీకా బీమాతో పనేముంది?" అని నేనే అడిగాను.

"మానేద్దామని రెండుసార్లు ఉత్తరం రాశాను. కానీ ఆ గదిలో మన ఊరి వీధులు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే."

"తెలిసి ఏం లాభం? ఇంకోసారి డేల్‌కి ఫోన్ చెయ్యగలవా?"

"చెయ్యను" అంది. "అతని రెండో చెయ్యి కూడా అడగనా?"

రోజూ తెల్లారకముందే కారు తీసి ఆ నలభై మైళ్ళూ ఇప్పటికీ వెళ్తూనే ఉంది.