బల్లితోక బజ్జీలు

వికారాబాద్ స్టేషన్ బయట మాడిన నూనె వాసన తగిలితే చాలు, తాండూరులో మా బడి గోడ పక్కన బజ్జీలమ్మిన మల్లయ్య తాత గుర్తొస్తాడు. ఆయన మూకుడులో నూనె తారులా నల్లగా ఉండేది. "గిదేం నూనె తాతా?" అని అడిగితే నవ్వేవాడు.

"అనంతగిరి గుట్టల దయ్యాలిచ్చినయి బిడ్డా. బల్లితోక ఏస్తెనే గింత రుచి!"

నేను నమ్మాను. భయపడుతూనే తినేదాన్ని, చెల్లికీ పెట్టేదాన్ని.

నేను మూడో తరగతిలో ఉండగా చెల్లికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజు పొద్దున చనిపోయింది. ఏం తిన్నదని నాన్న అడిగితే, "తాత బజ్జీలల్ల బల్లితోక ఏస్తడు. ఆయనే చెప్పిండు" అన్నాను.

నాన్న, వాడకట్టు వాళ్లు వెళ్లి బజ్జీల బండి తిరగేశారు. కాగే నూనె తాత కాళ్ల మీద పడింది. "పోరలు నవ్వుతరని ఉత్తగనే అన్న అయ్యా" అని మొత్తుకున్నాడు. అమ్మతో వెనకే వెళ్లిన నన్ను చూసి, "నువ్వన్న చెప్పు బిడ్డా" అన్నాడు. నేను అమ్మ వెనక దాక్కున్నాను.

ఆ వారంలోనే, బజ్జీ ముట్టని ఇళ్లల్లో మరో ఇద్దరు పోయారు. పైపు పగిలి మా వీధి కుళాయి నీళ్లలో మురుగు కలిసిందని అప్పుడు తెలిసింది. అప్పటికే ఊరొదిలి పోయిన తాతను వెతుక్కుంటూ నాన్న బొంరాస్‌పేట దాకా వెళ్లాడు. దొరకలేదు.

"నేనే చెప్పిన గద నాయినా" అని ఏడ్చాను.

"నువ్వు చిన్నపోరివి. నమ్మింది నేను" అన్నాడు.

ఆ మాటను ఆయన ఎంత కాలం మోశాడో, నాకు పిల్లలు పుట్టాక గానీ అర్థం కాలేదు.