పేడనీళ్లు

కొత్తగా వేసిన అడవికి కాపలావాడు పొద్దున్నే బకెట్లో పేడ కలిపి, చీపురుతో మొక్క మొక్కకీ చిలకరిస్తాడు. ఆ వాసన తగిలిన ఆకును మేక ముట్టదు. అవన్నీ తన చేత్తో నాటినవే. నడుస్తూ ప్రతి మొదలునూ కాలి బొటనవేలితో నొక్కి చూసుకోవడం అతని అలవాటు. వానకి పేడ కడుక్కుపోయిన రోజే చెల్లెలి మొగుడు తన మేకల మందను లోపలికి తోలాడు. సాయంత్రానికి పుల్లలే మిగిలాయి.

"నోరులేని జీవాలు బావా, వాటికేం తెలుసు?" అన్నాడు మేకలాయన.

"నోరు లేకపోవడమేంటి బావా, వాటికున్నదంతా నోరే," అన్నాడు కాపలావాడు, నవ్వకుండా.

మర్నాడు బకెట్ నిండా పేడనీళ్లతో చెల్లెలి ఇంటికే వెళ్లాడు. మేకల కోసం కొట్టి తెచ్చిన ఆకుమండల మోపు మీద, ఒక్క ఆకూ తప్పిపోకుండా, తీరిగ్గా చిలకరించాడు. మేకలు వాసన చూసి, తుమ్మి, మూతులు తిప్పుకున్నాయి. ఆకలికి ఒకటే అరుపులు. అతను గోడకి చేరగిలబడి, మంచి పాట విన్నట్టు విన్నాడు.

చెల్లెలు పాలచెంబుతో బయటికొచ్చింది. "అన్నయ్యా, ఇవి తినకపోతే పాలు ఎండిపోతాయి. పిల్లలకేం పొయ్యను?"

"ఎండనీవే," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "నా మొక్కలు ఎండలేదూ?"